ఢిల్లీ దారి మనకూ తెలియాలి

(ఢిల్లీ ప్రదర్శనకు మొదటిసారి బయలుదేరుతున్న సభ్యుల కోసం జరిగిన జిల్లా సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఢిల్లీ చూసిన వాళ్లు చేతులెత్తండి అని అధ్యక్షులు అడిగితే ఈ హాల్లో పదిమంది కూడా ఎత్తలేదు. హైదరాబాద్ దాటి పోని వాళ్లే ఎక్కువ. పదిహేను రోజులుగా ఊళ్లలో మీటింగులు పెడుతున్నాం. అక్కడ మద్దతు ధర గురించి అడిగిన వాళ్లకంటే, "భాష రాదు, అంత దూరం పోయి తప్పిపోతే మా గతేంటి?" అని అడిగిన వాళ్లే ఎక్కువమంది. ఒక అక్క అయితే, "నేను కనపడకపోతే నన్ను వెతికేదెవరు?" అని సూటిగా అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. డిమాండ్ల గురించి మిగతా నాయకులు మాట్లాడారు కాబట్టి నేను ఈ ప్రశ్నకు జవాబు మాత్రమే చెబుతాను.

ముందు ఒక్క మాట. ఢిల్లీ మనకు కొత్త కావచ్చు గానీ మన పంటకు కొత్త కాదు. నల్లగొండ బత్తాయి ఏళ్ల తరబడి ఢిల్లీకి పోతోంది. మన బంగినపల్లి మామిడి అక్కడ 'సఫేదా' అనే పేరుతో అమ్ముడుపోతుంది. అనంతపురం పండ్లతో దక్షిణాదిలో మొదటి కిసాన్ రైలు 2020 సెప్టెంబర్ 9న బయలుదేరింది ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్‌కే. రేణిగుంట నుంచి పాల ట్యాంకర్లు రైలెక్కి ఢిల్లీకి పోతున్నాయి. మన కాయ, మన పాలు పోయే ఊరికి మనం పోవడానికి భయపడితే, అక్కడ మన సరుకు ఎంతకు అమ్ముతున్నారో, మన ధర ఎవరు నిర్ణయిస్తున్నారో వేరేవాళ్లు చెబితే వినాల్సిందే తప్ప మనకు తెలియదు.

మనకంటే ముందు పోయిన వాళ్లూ మనలాంటి వాళ్లే. 1988 అక్టోబర్‌లో మహేంద్ర సింగ్ తికాయత్ వెంట ఉత్తరప్రదేశ్ రైతులు లక్షల్లో వచ్చి బోట్ క్లబ్ దగ్గర బైఠాయించారు. 2018 నవంబర్ 29, 30 తేదీల్లో దేశం నలుమూలల నుంచి వచ్చిన రైతులు రామ్‌లీలా మైదానంలో దిగి పార్లమెంట్ వీధి దాకా నడిచారు. ఆత్మహత్య చేసుకున్న భర్తల ఫొటోలు పట్టుకుని తెలంగాణ మహిళలు కూడా అందులో నడిచారు. వాళ్లలో చాలామందికి హిందీ రాదు. అయినా పోయారు, చెప్పాల్సింది చెప్పారు, ఇళ్లకు తిరిగొచ్చారు. మనమూ అట్లాగే తిరిగి రావాలంటే కొన్ని ఏర్పాట్లు ఉండాలి.

ఇల్లు కదిలే ముందు

ప్రయాణం మొదలయ్యేది మన కొట్టంలో. బర్రెకు గడ్డి వేసేదెవరు, పాలు పిండేదెవరు, మోటారు వేసేదెవరు, పత్తి ఏరే కూలీలకు డబ్బులిచ్చేదెవరు, ఇవన్నీ ముందే తేల్చుకోండి. ఒకే ఇంటి నుంచి భార్యాభర్తలిద్దరూ వస్తుంటే పక్కింటి వాళ్లకు అప్పగించండి. ఊరి నుంచి అయిదుగురు వస్తే ఊళ్లో ఉండే అయిదుగురు వాళ్ల పశువుల్ని చూసుకోవాలి. ఢిల్లీకి రాలేని వాళ్లు చేసే పోరాటం అదే అనుకోవాలి. ఇంటి మీద బెంగ పెట్టుకుని వచ్చిన మనిషి రెండో రోజే తిరుగు రైలు కోసం చూస్తాడు.

వెంట తెచ్చుకోవాల్సినవి చెబుతాను. ఆధార్ కార్డు అసలుది, దాని జిరాక్సు కాపీ ఒకటి. బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు వారం రోజులకు సరిపడా తెచ్చుకోండి. మూడు రోజుల ప్రయాణమే కదా అని మూడు రోజుల మాత్రలు తేవద్దు, రైలు ఆలస్యం కావచ్చు. మాత్రలు పెద్ద సంచిలో కాకుండా చేతి సంచిలో ఉండాలి. డాక్టర్ చీటీ కూడా ఉంటే అవసరానికి అక్కడ చూపించవచ్చు.

డబ్బులు ఒకేచోట పెట్టవద్దు. ఆ రోజు ఖర్చుకు కావాల్సింది పై జేబులో, మిగతాది లోపలి జేబులో. ఆడవాళ్లు రవికె లోపల చిన్న సంచి కుట్టించుకుంటే మంచిది. మెడలో బంగారం ఇంట్లోనే పెట్టి రండి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒక కాగితం. దాని మీద మీ పేరు, ఊరు, జిల్లా, ఇంట్లో వాళ్ల ఫోన్ నంబరు, మీ బృంద నాయకుడి నంబరు, ఇంకో ఇద్దరు తోటివాళ్ల నంబర్లు రాయాలి. తెలుగులో ఒకసారి, హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఒకసారి రాయాలి. అక్కడి మనిషి తెలుగు చదవలేడు. నంబర్లన్నీ ఫోన్‌లో ఉన్నాయి కదా అంటారు. ఫోన్ చార్జింగ్ అయిపోయినా, ఎవరైనా కొట్టేసినా ఆ నంబర్లు మనకు పనికిరావు. కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో, కొంగుముడిలో ఉంచుకోండి. చదువుకున్న పిల్లలు ఈ వారంలో అందరికీ రాసిపెట్టాలి.

రైలులో

మన వైపు నుంచి ఢిల్లీకి రైలు 25 నుంచి 30 గంటలు పడుతుంది. బల్లార్షా దగ్గర మహారాష్ట్రలో అడుగుపెడతాం. అక్కడి నుంచి స్టేషన్ బోర్డు మీద తెలుగు కనపడదు. ఆ తర్వాత నాగపూర్, ఇటార్సీ, భోపాల్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, మధుర. ఈ వరుస తెలిస్తే ఎక్కడిదాకా వచ్చామో, ఇంకా ఎంత ఉందో మీకే తెలుస్తుంది.

వెయిటింగ్ లిస్టు టికెట్‌తో స్లీపర్ పెట్టెలో ఎక్కే హక్కు లేదు. టీసీతో గొడవ పెట్టుకోకుండా బృంద నాయకుడికి చెప్పండి. అరవై దాటిన మగవాళ్లకు, 58 దాటిన ఆడవాళ్లకు ఉన్న రైలు రాయితీని 2020 మార్చిలో ఆపేశారు. కాబట్టి పెద్దవాళ్లూ పూర్తి ధర పెట్టాల్సిందే. టికెట్ల నిధి వసూలు చేసేటప్పుడు ఈ సంగతి లెక్కలోకి తీసుకోండి.

దారిలో స్టేషన్ వచ్చిందని నీళ్ల కోసం ఒక్కరే దిగవద్దు. దిగేవాళ్లు ఇద్దరు దిగాలి, మీ పెట్టె నంబరు చూసుకుని దిగాలి. కొత్తవాళ్లు ఇచ్చే టీ, బిస్కట్లు తీసుకోవద్దు. మర్యాదగా "నహీ చాహియే" అనండి. రైలులో ఏ ఇబ్బంది వచ్చినా 139 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

తిండి సంగతి. మొదటి పూటకు పులిహోర. తర్వాతి పూటలకు జొన్నరొట్టె, కారప్పొడి, అటుకులు, పల్లీపట్టి. ఢిల్లీలో రొట్టెలు, రాజ్మా, శనగలు ఎక్కువ. అన్నానికి అలవాటు పడిన కడుపు ఒక్కసారిగా వాటితో నిండితే ఇబ్బంది పడుతుంది. మొదటి రోజు కొద్దిగా తినండి.

ఢిల్లీలో దిగాక

ఢిల్లీలో స్టేషన్ ఒకటి కాదు. న్యూఢిల్లీ, పాత ఢిల్లీ, హజ్రత్ నిజాముద్దీన్, ఆనంద్ విహార్ అన్నీ పెద్ద స్టేషన్లే, ఒకదానికొకటి దూరం. మన రైళ్లలో కొన్ని న్యూఢిల్లీ పోతాయి, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ లాంటివి నిజాముద్దీన్‌లోనే ఆగిపోతాయి. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో ఇక్కడే చదువుకోండి. తిరుగు ప్రయాణంలోనూ అంతే. వచ్చిన స్టేషన్ నుంచే తిరుగు రైలు ఉంటుందని అనుకోవద్దు.

న్యూఢిల్లీ స్టేషన్‌కు రెండు వైపులున్నాయి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు పహాడ్‌గంజ్, పదహారో నంబరు వైపు అజ్మేరీ గేట్. మనం దిగాల్సింది అజ్మేరీ గేట్ వైపు. రామ్‌లీలా మైదానం అక్కడి నుంచి నడిచిపోయేంత దూరమే. ఆటో అవసరం లేదు. మైదానం దగ్గర మున్సిపల్ కార్పొరేషన్ వారి సివిక్ సెంటర్ అనే ఎత్తయిన భవనం ఉంది. చాలా దూరం నుంచి కనపడుతుంది. దారి తప్పినా దాన్ని చూసుకుంటూ నడవండి.

స్టేషన్ బయట ఎవరైనా వచ్చి "మీ రైలు రద్దయింది", "సభ ఇంకోచోటికి మారింది", "నేను తీసుకుపోతాను" అంటే నమ్మవద్దు. సభ మారితే మన నాయకులే చెబుతారు. ఆటో కావాల్సి వస్తే ప్రీపెయిడ్ బూత్‌లో చీటీ తీసుకోండి, లేదంటే ఎక్కే ముందే ధర మాట్లాడుకోండి. ఫోన్‌లో డబ్బులు పంపిస్తామని ఎవరైనా పిన్ నంబరు కొట్టమంటే అది మోసం. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మెట్రో చూసి భయపడాల్సిన పని లేదు. అందులో ముందు సంచులు మిషన్‌లో పెట్టాలి. ఉల్లిగడ్డ కోసుకునే చాకు, కొడవలి లాంటివి రానివ్వరు, ఇంట్లోనే వదిలేయండి. జెండా కర్రలు కూడా ఆపవచ్చు. కాబట్టి జెండాలు ఎవరి చేతికీ ఇవ్వడం లేదు, మైదానంలోనే పంచుతాం. లోపలికి పోయేటప్పుడు చూపించిన టికెట్ బయటికి వచ్చేటప్పుడు మళ్లీ చూపించాలి, పారేయవద్దు. రైలు పోయే దిశలో మొదటి పెట్టె ఆడవాళ్లది. మగవాళ్లు అందులో ఎక్కవద్దు. మెట్రోలో ఉమ్మినా, కింద కూర్చున్నా జరిమానా వేస్తారు. కదిలే మెట్ల మీద చీర కుచ్చిళ్లు, పంచె అంచు కొంచెం పైకి పట్టుకోండి. భయమనిపిస్తే లిఫ్టు ఉంటుంది, మామూలు మెట్లూ ఉంటాయి.

రోడ్లు చాలా వెడల్పు. ఒకరి వెనక ఒకరు పరుగెత్తి దాటవద్దు. సిగ్నల్ పడ్డాక బృందం మొత్తం ఒకేసారి దాటాలి, లేకుంటే పైన వంతెన గానీ కింద దారి గానీ చూసుకోవాలి.

తప్పిపోతే ఏం చేయాలి

ఆ అక్క అడిగిన ప్రశ్నకు వస్తున్నాను. పదిమందికి ఒక బృందం. ప్రతి బృందానికి ఒక నాయకుడు, ఆడవాళ్ల బృందానికి మహిళా నాయకురాలు. బృందంలో ఇద్దరిద్దరు జంట. పక్కన జంట మనిషి ఉన్నాడా లేదా చూసుకోవడం ప్రతి ఒక్కరి పని. రైలు ఎక్కాక, దిగాక, మైదానానికి చేరాక, ఊరేగింపు ముందు, ఊరేగింపు తర్వాత, రాత్రి పడుకునే ముందు నాయకుడు తలలు లెక్కపెట్టాలి. లెక్క పదికి తొమ్మిది అయితే ఆ బృందం అక్కడి నుంచి కదలకూడదు. నిన్ను వెతికేది ఎవరని అడిగావు కదా అక్కా, నీ తోటి తొమ్మిది మంది వెతుకుతారు.

తప్పిపోయిన మనిషి అటూ ఇటూ తిరగవద్దు. ఇద్దరూ తిరుగుతుంటే ఎప్పటికీ కలుసుకోలేరు. మైదానంలో అయితే వేదిక దగ్గరికి పోయి మన జిల్లా పేరు చెప్పండి, మైకులో పిలుస్తారు. బయట అయితే పోలీసు దగ్గరికో దుకాణం దగ్గరికో పోయి కాగితం చూపించండి. ఎవరైనా బెదిరించినా, ఆపద వచ్చినా 112కు ఫోన్ చేయండి.

హిందీ నాలుగు మాటలు చాలు. "రామ్‌లీలా మైదాన్ కిధర్ హై?" అంటే ఎటు అని. "మేరే సాథీ ఛూట్ గయే" అంటే నా తోటివాళ్లు తప్పిపోయారని. "ఇస్ నంబర్ పర్ ఫోన్ కర్ దీజియే" అంటే ఈ నంబరుకు ఫోన్ చేసి పెట్టండి అని. "పానీ", "బాథ్‌రూమ్" అందరికీ అర్థమవుతాయి. వాళ్లు చెప్పేదాంట్లో సీధా అంటే తిన్నగా, దాయే అంటే కుడి, బాయే అంటే ఎడమ. ఉర్దూ తెలిసిన సభ్యులను బృందానికి ఒక్కరు చొప్పున పంచుతున్నాం. వాళ్లంతా ఒకేచోట కూర్చోవద్దు.

చలి, ఆరోగ్యం

మనం వెళ్లేది డిసెంబర్‌లో. ఢిల్లీలో తెల్లవారుజామున 5 డిగ్రీల దాకా పడిపోతుంది. మన ఊరి చలి లెక్క అక్కడ సరిపోదు. స్వెట్టరు, చెవులు మూసే టోపీ, కాళ్లకు మేజోళ్లు, మందపాటి రగ్గు తప్పనిసరి. ఒక్క మందపు బట్ట కంటే లోపల రెండు మూడు పలుచటి బట్టలు వేసుకుంటే చలి బాగా ఆగుతుంది. పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి.

మూసిన గదిలో, గుడారంలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఇది మరీ మరీ చెబుతున్నాను. ఆ పొగకు వాసన కూడా సరిగా తెలియదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఉత్తరాదిలో చలికాలంలో ఇట్లా చనిపోయేవాళ్లు ఉన్నారు.

2020 నవంబర్ నుంచి 2021 డిసెంబర్ దాకా సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో జరిగిన పోరాటంలో 700 మందికి పైగా రైతులు చనిపోయారని సంయుక్త కిసాన్ మోర్చా లెక్క చెప్పింది. చలికీ జబ్బుకీ ప్రాణాలు పోయినవాళ్లు అందులో ఉన్నారు. మూడు చట్టాలు రద్దయ్యాయి, కానీ ఆ ఇళ్లలో మనుషులు తిరిగి రాలేదు. అందుకే చెబుతున్నాను. ఛాతీలో నొప్పి, ఆయాసం, తల తిరగడం ఉంటే సభ అయ్యేదాకా ఓర్చుకోవద్దు. మైదానానికి దగ్గరలోనే లోక్ నాయక్ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఈసారి ఆగి వేసవి ముందు జరిగే కార్యక్రమానికి రండి. దాన్ని ఎవరూ పిరికితనం అనరు.

ఆడవాళ్లకు ఒక మాట. మరుగుదొడ్డి దొరకదేమోనని నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి, మూత్రంలో మంట పుడుతుంది. నీళ్లు తాగండి. రైలు దిగగానే స్టేషన్‌లోనే ఒకసారి పోయి రండి. మైదానంలో మొబైల్ మరుగుదొడ్లు ఎక్కడున్నాయో చేరగానే మహిళా నాయకురాలు చూసి చెప్పాలి. ఇద్దరిద్దరుగా పోవాలి.

భోజనం సభ దగ్గరే ఉంటుంది. అది అందకపోతే కన్నాట్ ప్లేస్ దగ్గర బంగ్లా సాహిబ్ గురుద్వారా ఉంది. అక్కడ మతం, కులం అడగకుండా అందరికీ ఉచితంగా అన్నం పెడతారు. చెప్పులు విప్పాలి, ఆడ మగా అందరూ తల మీద గుడ్డ కప్పుకోవాలి, తినగలిగినంతే వడ్డించుకోవాలి. అశోకా రోడ్డులోని ఆంధ్ర భవన్ క్యాంటీన్లో మన భోజనం దొరుకుతుంది గానీ ఎప్పుడూ రద్దీగా ఉంటుంది. వందమంది ఒకేసారి పోయి ఇబ్బంది పడవద్దు.

ఊరేగింపులో

ఢిల్లీలో ఎక్కడ పడితే అక్కడ సభ పెట్టనివ్వరు. బోట్ క్లబ్ దగ్గర ఆపేశాక జంతర్ మంతర్ మిగిలింది. 2017లో హరిత ట్రిబ్యునల్ అక్కడా ఆపమంది. 2018 జూలైలో సుప్రీంకోర్టు తీర్పుతో మళ్లీ వీలు కలిగింది. అనుమతి ఇచ్చిన చోటు, ఇచ్చిన దారి దాటితే పోలీసులకు సాకు దొరుకుతుంది. వలంటీర్లు ఆగమంటే ఆగాలి. తోపులాట వస్తే పరుగెత్తవద్దు, పక్కకు జరిగి గోడ వారగా నిలబడండి. కింద పడిన వాళ్లను ముందు లేపండి. పోలీసు పేరడిగితే పేరు, ఊరు చెప్పండి. దాచాల్సిందేమీ లేదు.

తిరిగి వచ్చే ముందు

రెండో రోజు సాయంత్రం దాకా రైలు లేదు. ఎర్రకోట, ఇండియా గేట్ చూడాలనుకునే వాళ్లు బృందంగా పోయి చూడండి. సోమవారం ఎర్రకోటకు సెలవు. కానీ ప్రతి మండలం నుంచి ఇద్దరు మాత్రం ఆజాద్‌పూర్ మండీకి పోవాలని జిల్లా కమిటీ అనుకుంది. న్యూఢిల్లీ నుంచి పసుపు రంగు లైను మెట్రోలో నేరుగా పోవచ్చు. పొద్దున్నే పోవాలి, ఎండెక్కితే పెద్ద బేరాలు అయిపోతాయి. పండ్లకు, కూరగాయలకు దేశంలోనే పెద్ద మార్కెట్ అది. అక్కడ కమీషన్ ఏజెంటును ఆఢతియా అంటారు. ఏ సరుకు ఎక్కడి నుంచి వచ్చింది, బేరం ఎట్లా జరుగుతోంది, కిలో ఎంత పలికింది, అదే కాయ బయట బండి మీద ఎంతకు అమ్ముతున్నారు, ఇవి నోటుబుక్కులో రాసుకు రండి. తోట దగ్గర మనకిచ్చిన ధర పక్కన ఆ ధర రాస్తే, మధ్యలో ఎంత పోతోందో ఊళ్లో అందరికీ కళ్లకు కడుతుంది. మన డిమాండుకు అంతకంటే మంచి కరపత్రం ఉండదు.

తిరిగొచ్చిన వారంలోపు ప్రతి ఊళ్లో మీటింగు పెట్టాలి. పోయినవాళ్లు ఏం చూశారో చెప్పాలి. ఏ ఏర్పాటు సరిపోలేదో కూడా చెప్పాలి, వచ్చేసారి సరిచేసుకుందాం. ఈసారి కొత్తగా పోయినవాళ్లు వచ్చేసారి బృంద నాయకులు కావాలి. ఢిల్లీ దారి తెలిసిన మనిషికి కలెక్టర్ ఆఫీసు మెట్లు ఎక్కడం కష్టమనిపించదు.

ఇప్పుడు భోజనాలయ్యాక ఎవరూ వెళ్లిపోవద్దు. మండలాలవారీగా కూర్చుని బృందాల జాబితా రాయాలి, జంటలు కలపాలి, కాగితాలు నింపాలి. చదువుకున్న పిల్లలు పెన్నులు తీసుకుని ముందుకు రండి.